తలకట్టు

చింతపండూ ఉప్పూ వేసి తోమితే
చిలుము కన్నా ముందు పాత సిరా కదిలింది.
నల్లటి నీళ్లు మోరీలోకి పోతుంటే
పాత్రోగారు గుమ్మంలోనే నిలబడి
ఫోనులో కొత్త పట్టుపెట్టెల బొమ్మ చూపిస్తున్నాడు.
"దీని మీద తాతల నాటి లేబులే పడాలి బాబూ.
గీత కూడా మారకూడదు."

బరంపురం, గేట్ బజార్ వెనక సందు.
స్కూటర్ బంపర్లకీ మంచంకోళ్లకీ నికెల్ ఎక్కించే కొట్టు నాది.
రాగిరేకు చేత రాగిరేకుని కనిపించడం
మా మావ నేర్పిన పని.
ఆయన పోయాక రెండుసార్లే చేశాను,
ఒకటి పాడైంది.

అరచేతి వెడల్పు రేకు. మధ్యలో నెమలి.
పైన ఒడియా, కింద తెలుగు, రెండూ తిరగబడి.
ఒడియా అక్షరం నెత్తిన గొడుగు
అద్దంలో చూసినా గొడుగే.
మన తలకట్టు మాత్రం
అలిగినట్టు అటు తిరిగి కూర్చుంటుంది.

తేనెమైనంలో గుగ్గిలం కరిగించి,
రేకు మీద పోసి, ఇనపదిమ్మ ఎత్తి
ఒక బీడీ కాలేంత సేపు ఆగాను.
బీడీ మానేసి నాలుగేళ్లు.
కొలత మానలేదు.

రాగిలో తిరగబడి, మైనంలో తిన్నగా,
మళ్లీ రాగిలో తిరగబడి, కాగితం మీద తిన్నగా.
ఈ ప్రయాణంలో నేను చదవగలిగేది
మైనం మజిలీలోనే.
వేలితో చదివాను.
బ. రం. పు.
చివరి ర దగ్గర వేలు ఆగింది.
దాని తలకట్టు ఎడమకి ఎగిరి ఉంది.

చెక్కినవాడు అన్నీ తిప్పి చెక్కి
ఆ ఒక్కదాన్నీ మామూలుగా చెక్కేశాడు.
పొద్దుపోయి ఉంటుంది, లేదా ఎవరో పిలిచి ఉంటారు.
ఎన్ని పెళ్లిళ్లకి ఎన్ని పెట్టెలు వెళ్లాయో
అన్నిటి మీదా ఆ ర
అటు తిరిగే వెళ్లింది.
జనం నెమలిని చూశారు.

నాది ఒడియా బడి.
తెలుగు మా అమ్మ నేర్పింది,
బియ్యప్పిండి జల్లిన పళ్లెంలో, వంట అయ్యేలోగా.
చాన్నాళ్లు నా తలకట్లన్నీ ఎడమకే.
"తల దువ్వుకోవడం రాదు, దానికి దువ్వడమూ రాదు"
అని నా వేలు పట్టుకుని ఇటు లాగేది.

పాత్రోకి తెలుగు రాదు.
వాళ్ల నాయనమ్మకి వచ్చేదట.
వేడి సూదితో మైనంలోనే దిద్దెయ్యొచ్చు,
అరనిమిషం పని.
సూది దీపం మీద పెట్టాను కూడా.

తరవాత గ్రాఫైట్ పొడి బ్రష్షుతో అద్ది
మైలుతుత్తం నీళ్లలో మైనాన్ని వేలాడదీశాను.
సూది ఎప్పుడు చల్లారిందో చూడలేదు.

మూడు రాత్రులు. ఠాకురాణీ జాతర రోజులు,
డప్పు దగ్గరకొచ్చినప్పుడల్లా కరెంటు పోయేది.
బ్యాటరీకి మార్చి, తొట్టి పక్కనే చాప వేసుకున్నాను.
నీలంలో ముందు నెమలి కాళ్లు ఎర్రబడ్డాయి,
తరవాత ఒడియా,
ఆఖరికి తెలుగు.

మొదటి అచ్చు వెలుతురుకి పట్టి
పాత్రోగారు అడిగాడు: "తెలుగు సరిగ్గానే వచ్చిందా?"
"మీ తాతల నాడు ఎలా ఉందో అలాగే."
సంతోషించాడు. పాత రేకుని
తూకానికి తీసుకుంటావా అన్నాడు.

తూచకుండానే డబ్బిచ్చాను.
ఇప్పుడు అది గల్లాపెట్టె మీద, గోడద్దానికి ఎదురుగా.
పొద్దున్నే తల దువ్వుకుంటూ చూస్తాను.
అద్దంలో అన్నీ తిన్నగా ఉంటాయి,
ఆ ర తప్ప.