రాలినవే ఏరాలి

టీచరు షరతు ఒక్కటే.
కోయొద్దు. రాలినవే ఏరాలి.
పది ఆకులు, పది పేర్లు, సోమవారానికి.

స్కూటర్ వెనక మేదిని
పాత టెలిఫోన్ డైరెక్టరీని
చంటిపిల్లలా ఒళ్లో పట్టుకుంది.
ఆకుల్ని నొక్కి ఆరబెట్టడానికి
అంత లావు పుస్తకం మా ఇంట్లో ఇంకోటి లేదు.

కొత్తగూడ ఫ్లైఓవర్ కింద సిగ్నల్ పడితే
"చిన్నమ్మా, ఇక్కడ తోటెక్కడుంటది?" అంది.
ఆరేళ్లు ఈ దారినే ఆఫీసుకు పోయాను,
పోయిన నెల దాకా.
ఆ గోడను గోడనే అనుకున్నాను.
గోడకు అవతలి పక్క కూడా ఉంటుందని
ఒక్కరోజూ తట్టలేదు.

లోపల ముసురు.
కురుస్తున్నది మబ్బో, కొమ్మో తెలీదు.
మొదటి ఆకు కానుగ. అది నాకూ తెలుసు.
రెండోది రేల.
మూడో చెట్టుకు బోర్డుంది గాని
పేరులో సగం తుప్పు తినేసింది.

"నల్లమద్ది బిడ్డా,
మొసలి తోలు తీరుంటది, చెయ్యి పెట్టి చూడు"
అంది చీపురు పట్టుకున్న నర్సవ్వ.
మేదిని చెయ్యి పెట్టి, వెంటనే తీసేసి, మళ్లీ పెట్టింది.
"పది ఆకులకు బండేస్కొని వచ్చిండ్రా?
పొద్దుగాల నుంచి పద్నాలుగు గంపలెత్తిన.
ఓ గంపెడు తీస్కపోన్రి,
నాకు నడుమన్నా నిలవడ్తది."

వెదురు పొదల దగ్గర
పెళ్లికి ముందు ఫొటోలట.
ఒకాయన పసుప్పచ్చ పొగ వదిలాడు.
పెళ్లికూతురు నవ్వింది, మేం దగ్గాం,
ఎక్కడో కనబడని నెమలి
తిట్టినట్టు అరిచింది.
ఐదో ఆకు అక్కడే దొరికింది, పొగ వాసనతో.

డైరెక్టరీలో ఆకుల్ని ఎక్కడ పడితే అక్కడ పెట్టనివ్వదు.
కానుగ 'కె' దగ్గర, రేల 'ఆర్' దగ్గర.
తీసి చూస్తే కానుగ తడి
ఎవరో కమలాకరరావు మీద, ఖదీర్ మీద
ఆకుపచ్చగా దిగింది.
ఈ నంబర్లకు ఇప్పుడు చేస్తే
ఎవరెత్తుతారు, అనడిగింది.
ఎవరూ ఎత్తరన్నాను.
ఒకసారి చేసి చూద్దామంది.

దుర్గం చెరువు చేరేసరికి మధ్యాహ్నం.
తీగల వంతెన మీద కార్లు,
కింద గుర్రపుడెక్క,
రెండింటికీ మధ్య
రెక్కలారబెట్టుకుంటున్న ఒక నీటికాకి.
గాలి ఇటు తిరిగినప్పుడల్లా ముక్కు మూసుకుని
అటు తిరిగినప్పుడల్లా "ఎంత బాగుందో" అంటున్నారు జనం.
మేమూ అంతే.

మొక్కజొన్న పొత్తు మీది పొర ఆకా, కాదా?
అరగంట వాదన.
పొత్తులు కాల్చే రజియాబీ
నిప్పుల మీద విసురుతూ తీర్పు చెప్పింది:
"పచ్చగుంది, ఈనెలున్నయ్, ఇంకేం గావాలె?"
ఎనిమిదో ఆకు. పేరు: బుట్టా.
నిమ్మకాయా ఉప్పూ అంటిన వేళ్లతో
'బి' పేజీ తిప్పింది.

తొమ్మిదోది ఖాజాగూడ రాళ్ల సందులో
సీతాఫలం మొక్క ఇచ్చింది.
పిడికెడు మట్టి కూడా లేదక్కడ,
ఏం తిని బతుకుతోందో.
ఒకదాని మీదొకటి కూర్చున్న గుండ్లు,
ఇప్పుడే పడేట్టు,
ఎప్పటి నుంచో పడకుండా.

ఎక్కి చూస్తే నేను పనిచేసిన అద్దాల మేడ కనిపించింది.
నా అంతస్తు లెక్కబెట్టబోయాను.
పదకొండు దాకా వచ్చి తప్పిపోయింది.
మళ్లీ మొదలుపెట్టలేదు.

పదోదానికి ఇంక ఆకు దొరకలేదు.
మేదిని తెల్లకాగితాన్ని బండకు ఆనించి
గోధుమరంగు క్రేయాన్ అడ్డంగా రుద్దింది.
గరుకు, మచ్చలు, ఒక సన్నని బీట
కాగితం మీదికి ఎక్కొచ్చాయి.
"ఇది ఆకు కాదు కదే?"
"ఏమో. రాలిందేమో, చాలా కిందట."
కింద గుండ్రని అక్షరాలతో రాసింది:
బండ. కొయ్యలేదు.

అవతలి గుట్ట వెనక
ఢాం అని ఒక పేలుడు.
కాళ్ల కింద సన్నగా వణికింది.
కాకులు లేచి, ఒక చుట్టు తిరిగి,
అదే వైరు మీద వాలాయి.
మేదిని తలెత్తలేదు.
అక్షరం వంకర పోయిందని
రబ్బరడిగింది.