జ్ఞానాపురం రోమా సైన్యం

ఫాదర్ గారు తెచ్చిన పుస్తకంలో మూడు బొమ్మలు.
ముగ్గురూ రోమా సైనికులే,
మూడు ఒళ్ళకీ మూడు రకాల ఇనుము.
"గుడ్ ఫ్రైడే నాటకానికి ఏది చెయ్యమంటారు?" అంటే
"ఆ రోజు నేనక్కడ లేను జోజీ, నువ్వే చూసుకో" అన్నారు.

షిప్‌యార్డులో ముప్ఫై రెండేళ్ళు
ఓడల పొట్టలకి రేకులేసిన చేతులివి.
మనిషి పొట్టకి ఎప్పుడూ వెయ్యలేదు.

మొదటిది ఉంగరాల చొక్కా.
తీగని సువ్వకి చుట్టి, చుట్టుకో ముక్కగా కోసి,
ఒక్కో ఉంగరం నాలుగింటి చెయ్యి పట్టుకునేలా గుచ్చాలి.
నా వల్ల కాలేదు.
జాలారిపేట పోలయ్యని పిలిచాను.
అరుగు మీద కూర్చుని, కళ్ళు ఎటో పెట్టి,
వేళ్ళతోనే చూస్తూ పదమూడు రోజులు అల్లాడు.
"సేపని పట్టే వల తెలుసు గానీ బావా,
మనిషిని కాసే వల ఇదే సూడ్డం."
కోతకి ఆగుతుంది. సన్నటి మొనకి మాత్రం
ఒక కన్ను తెగి దారిచ్చేస్తుంది.
బరువంతా భుజాలదే,
నడుముకి బెల్టు బిగిస్తే సగం తుంటి మోస్తుంది.
ఆ సంగతి పుస్తకంలో చదవలేదు,
తొడుక్కుని రైల్వే గేటు దాకా నడిస్తే తెలిసింది.

రెండోది పొలుసులది.
పామాయిల్ డబ్బాలు నేను కత్తిరించాను,
గోనె మీద మా ఆవిడ కుట్టింది, ఆరు సూదులు విరిగాయి.
ఎండలో ఆరేస్తే వీధి పిల్లలందరికీ అదే కావాలి.
హార్బర్ నుంచి వస్తూ నూకరత్నం గంప దించింది.
మెడ నుంచి కిందికి బొటనవేలితో రాసింది. నున్నన.
అప్పుడు చేపల కత్తి తీసి
తోక వైపు నుంచి తలకి ఒక్క గీటు గీసింది.
టపటపా లేచాయి.
"పండుగప్పకన్నా సులువు, ఓలమ్మ!
కిందనించి పొడిసేవోడు రాకుండా సూసుకోమను."
ఆ పుస్తకం రాసిన దొర
ఒక పూట ఆవిడ పక్కన కూర్చోవలసింది.

మూడోది నాది.
డ్రమ్ము కోసి, పట్టీలుగా వంచి,
లోపల పాత తోలు బెల్టులతో తగిలించి
రొయ్య వీపులా చేశాను.
వంగితే తెరుచుకుంటుంది, లేస్తే మూసుకుంటుంది,
సుత్తితో కొడితే దెబ్బ జారి నేల మీద పడుతుంది.
మూడింట్లో ఇదే గొప్పదని నాలుగిళ్ళకి చెప్పాను.
ఇత్తడి బందులు రెండో రోజుకే ఊడాయని చెప్పలేదు.
సంకలో ఏమీ లేదు. తొడల మీద ఏమీ లేదు.

స్లిప్‌వే మీద దానయ్య పడిన రోజు
తలకి హెల్మెట్ ఉంది. దాని మీద గీత కూడా పడలేదు.
దాన్ని వాళ్ళింటికి నేనే పట్టుకెళ్ళాను.

శుక్రవారం మధ్యాహ్నం, రాస్ కొండ మెట్లు.
ఏప్రిల్ ఎండకి ఇనుము పెనమైంది.
ఉంగరాల చొక్కా కుర్రాడు మెట్టుమెట్టుకీ ఆగాడు,
పొలుసులవాడు జనం చూపులకి ఉబ్బి నడిచాడు,
నా రేకుల్లో బోనిఫాస్
ఈటె పట్టుకుని, బిగుసుకుని, అందరికన్నా ముందు.
నిజం సైనికుడిలా ఉన్నాడన్నారు. నేనూ అనుకున్నాను.

రాత్రి విప్పుతుంటే కనిపించింది.
కుడి సంక కింద జానెడు గాటు,
బనీను నెత్తురుతో అంటుకుపోయి.
నేను మడవడం మరిచిన అంచు.
"చెప్పలేదేంరా?"
"చెబుదామనుకున్నా తాతా.
అప్పటికే చేతిలో ఈటె ఉంది."

తెల్లారేసరికి ఉప్పుగాలి పని మొదలెట్టింది,
రేకుల మీద ఎర్రటి చుక్కలు.
పోలయ్య తన చొక్కాని ఇసక గోనెలో వేసి
ఇద్దరు మనవల చేత వీధంతా ఈడ్పించాడు,
కొత్త గిన్నెలా బయటికొచ్చింది.
నన్ను చూసి ఏమీ అనలేదు.

నేను గుమ్మంలో కూర్చుని
ఆకురాయితో ఆ ఒక్క అంచునే రుద్దుతున్నాను.
వేలు పెట్టి చూస్తాను,
మళ్ళీ రుద్దుతాను.