మూలన మిగిలిన పూత

ఫార్మలిన్ డబ్బా మీద పెన్సిలు రాత:
కీలు దాలమ్మ, నలభై నాలుగు, పలాస.
కాగితం మీద డాక్టరుగారి గొలుసుకట్టు:
రెండేళ్ల కిందట వేడి బెలూను పెట్టి లోపొర కాల్చారు.
నెత్తురు ఆగింది.
నొప్పి మాత్రం తేదీ తప్పకుండా వస్తోంది.
గర్భసంచి తీసేశాం. చూడగలరు.

శ్రీకాకుళంలో ఆ పూట కరెంటు రెండుసార్లు పోయింది.
ముక్క కోసి, మైనంలో నిలిపి,
ఉల్లిపొర కన్నా పల్చగా చెక్కి,
నీలమూ గులాబీ పట్టించి
అద్దం కింద పెట్టాను.

మెత్తని పరుపు ఉండాల్సిన చోట
బిగుసుకుపోయిన నార.
నెలనెలా లేచి నెలనెలా కూలే గోడ లేదు.
కాలిన చోటు మానితే ఎలా ఉంటుందో నాకు తెలుసు.
జీడిపిక్కలు కొట్టిన చేతులతోనే
మా అమ్మ నాకు జడ వేసేది,
వేళ్ల కొసలు జుట్టుకి పట్టుకునేవి.

స్లైడు కొంచెం జరిపాను.
ఎడమ మూలన, గొట్టం మొదలయ్యే చోట,
వేడి అందని ఆవగింజంత నేల.
అక్కడ గ్రంథులు బతికే ఉన్నాయి.
పండుతున్నాయి, రాలుతున్నాయి,
దారి మచ్చ కట్టి మూసుకుపోయింది గనక
రాలింది రాలినట్టే లోపల నిలవ,
తుప్పు రంగులో,
ఇరవై నాలుగు నెలల బాకీ.

రిపోర్టులో రాశాను:
మచ్చ కణజాలం. పాత రక్తం నిల్వ. కేన్సరు లేదు.
నొప్పికి గడి లేదు.

కాగితం కోసం ఆమే వచ్చింది.
"ఏటగుపడిందమ్మా?"
"కేన్సరు లేదు."
"అది సరే. నా నొప్పి అగుపడిందేటి?
ఇంట్లో ఎవులూ నమ్మనేదు,
నెత్తురాగిపోనాక ఇంకేటి నొప్పని."

రూలు ఒప్పుకోదు. అయినా కుర్చీ లాగాను.
ఒక కన్ను మూయడం రాక
అరచెయ్యి అడ్డం పెట్టుకుంది.
చాలాసేపు చూసింది. వెనకాల ఎవరో దగ్గారు.
"జీడి పూతలాగుంది" అంది.
"అగ్గెట్టినా ఈ మూల పూసీసింది సూడు."
కోపమో మురిపెమో పోల్చుకోలేకపోయాను.

సంతకానికి బొటనవేలు చూపించి నవ్వింది,
రేషను మిషను గుర్తుపట్టని వేలు.
సిరా అద్ది నొక్కితే
నున్నటి నల్లచుక్క పడింది, గీతల్లేకుండా.
పుస్తకంలో అలాగే ఉంచేశాను.

కాంప్లెక్సులో పలాస బస్సు ఒంటిగంటకి.
ఆమె వెళ్లాక చూస్తే బల్ల మీద పొట్లం,
లోపలంతా ముక్కపప్పే.
మర్చిపోయిందనే అనుకోవాలి.