తొడిమ తీయడం

చుట్టుగుంట దాటాక కోల్డ్ స్టోరేజీ.
రాత్రి పదకొండున్నర.
ఏసీ గదిలోనూ ఘాటే,
కీబోర్డు సందుల్లో ఎర్రటి నుసి.
ఎన్నిసార్లు దులిపినా
కళ్ళు నలుపుకోబోయే వేలికే అంటుకుంటుంది.

కాటా ప్రోగ్రాం పాతది.
పూర్ణచంద్రం గారు రాశారు, రిటైరయ్యారు, పోయారు కూడా.
దానికి తనా పరా లేదు:
టెంప్ అనే ఉమ్మడి వసారాలో తన చీటీలు పడేస్తుంది,
ఎవరి చీటీ కనబడినా తనదే అనుకుంటుంది.
మొన్న మంగళవారం
ప్రత్తిపాడు రైతు నలభై టిక్కీల తేజ
ఇంకెవరిదో తాలు ఖాతాలో పడింది.
ఆయన అరవలేదు.
రసీదు నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుని
"నా కాయ నాకు తెలీదా అమ్మా" అన్నాడు.

ఆ మాటకే ఈ రాత్రి కూర్చున్నాను.

చంపలేను దాన్ని, సీజను.
తిరగరాయలేను, రాసినాయన లేడు.
వేరు పెట్టగలను.

అన్‌షేర్.
ఒక్క పిలుపు.
కెర్నల్ గుమ్మం ముందు నిలబడి
నా వాటా నాకు విడిగా ఇప్పించమనడం.
మేస్త్రీ రాడు, ఇటుక దిగదు,
చూపు ఎక్కడిదాకా ఆనాలో అక్కడ ఆగుతుంది.

ముందు మౌంట్లు.
మొదటిసారి తప్పు చేశాను:
వేరు పెట్టాను గాని పెరటి తలుపు ప్రైవేటని చెప్పలేదు,
లోపల పరిచిన చాప
బయటి వసారాలోనూ పరుచుకుంది.
వేరుపడ్డ ఇళ్ళలో పులుసు వాసన ఆగుతుందా.
మళ్ళీ చేశాను.

తర్వాత నెట్‌వర్కు.
కొత్త వీధి, అందులో ఒకటే ఇల్లు.
తనతో తను మాట్లాడుకునే ఆ ఒక్క లూపు కూడా
లేపేదాకా పడుకునే ఉంటుంది. లేపలేదు.
కాటా తీగ ఒక్కటి చేతికిచ్చి ఊరుకున్నాను.

యూజరు సంగతి చూస్తే నవ్వొచ్చింది.
లోపల సున్నా నంబరు, రూటు, మహారాజు.
బయట్నుంచి చూస్తే అదే పాత వెయ్యో నంబరు గుమాస్తా.

చివరికి ప్రాసెస్ నంబర్లు.
ఇక్కడ ఆగాను.
వేరు కావాలని అడిగినవాడు వేరు కాడట.
వాడి నంబరు పాత బజార్లోనే, పాత గుంపులోనే.
ఆ తర్వాత వాడికి పుట్టే మొదటి బిడ్డ
ఒకటో నంబరుతో కళ్ళు తెరుస్తుందట.

మాన్యువల్లో ఆ వాక్యం రెండుసార్లు చదివాను.

మా అమ్మ కరుణమ్మ
ఇదే రోడ్డులో ఇరవై రెండేళ్ళు తొడిమలు తీసింది.
కిలోకి ఇంతని.
రాత్రిళ్ళు వేళ్ళు మజ్జిగ్గిన్నెలో ముంచుకుని కూర్చునేది.
నన్నెప్పుడూ అరచేత్తో ముట్టుకోలేదు,
నా చెంప మండుతుందని
మోచేత్తో నిమిరేది.
పాలిటెక్నిక్ ఫారం తెచ్చిన రోజు
"దీన్ని ఆ గాలికి రానియ్యకు ప్రభువా" అంది.
అడిగింది తను.
మర్నాడు పొద్దున్నే గోనెపట్టా చంకన పెట్టుకుని
మళ్ళీ యార్డుకే వెళ్ళింది.

ఫోర్క్ కొట్టాను.

లోపల జాబితా తెరిస్తే ఒక్కటే వరస: నంబరు ఒకటి.
ముందెవరూ లేరు, పక్కనెవరూ లేరు.
బయట జాబితాలో అదే ప్రాణం
ఎనిమిదివేల నాలుగువందల పదిహేడు,
బిల్లింగుకీ బ్యాకప్‌కీ మధ్య ఇరుక్కుని.
తన కింద కెర్నల్ మారలేదని దానికి తెలియదు.
గోడ గడియారానికి వాటాల్లేవు, ఇద్దరికీ నాలుగూ పదే.

ఇంట్లో అమ్మ నిద్రపోతూ ఉంటుంది,
అలవాటుగా చేతులు దుప్పటి బయట పెట్టుకుని.

నాలుగున్నరకి మొదటి లారీ.
కాటా మీద టిక్కీ పడింది, నలభై రెండు కిలోల మూడొందలు.
చీటీ తన వసారాలోనే రాలింది.
బిల్లింగు దాని ముఖం కూడా చూడలేదు.
తలుపు సందులోంచి ఒక ఎర్రటి తెర లోపలికొచ్చింది.
తుమ్మాను.
షెడ్డు అవతల వాచ్‌మన్ బాజీ కూడా తుమ్మాడు.