రెండో కొస

పెద్ద మంచం దుప్పటి
ఒక్కనితోని మడతపడదు.
దానికి నాలుగు మూలలు, మనిషికి రెండే చేతులు.
షార్జాల పదో నంబరు ఏరియాల
హోటళ్ల బట్టలుతికే మా లాండ్రీల
ఒక కొసకు నేను, ఒక కొసకు దిల్ బహదూర్.
దులిపి, గుంజి, ఎదురెదురు నడిచి
వేళ్లకు వేళ్లు తగిలినంక
నా మూలలు ఆయన చేతుల పెట్టి
వంగి కింది అంచు అందుకుందును.
ఆయనకు తెలుగు రాదు, నాకు నేపాలీ రాదు,
దుప్పటికి మాటతోని పనిలేదు.
రోజుకు రెండు వందల సార్లు
ఇట్ల ఎదురుపడుతుంటిమి.

రంజాన్ పోయినంక సుధాకరన్ సార్
గోడకు ఒక బోర్డు కొట్టించిండు.
పేర్లు, పక్కన అంకెలు.
నెలకు మొదటోనికి రెండు వందల దిర్హాములు, ఒక ఫోటో.
ఆఖరి ఇద్దరికి ఒక శుక్రవారం కోత.
"పోటీ ఉంటెనే మనిషి లేస్తడు" అన్నడు.
అబద్ధమెందుకు, లేచినం.
నేనైతే ఇస్త్రీ మిషిను వేడెక్కకముందే లేచిన.
సిరిసిల్లల మీటరు లెక్కన మగ్గం నడిపినోణ్ని,
లెక్క నాకు కొత్తనా?

వారం దాటకముందే కనిపెట్టినం:
మెత్త గలేబు బోర్డు మీద ఒకటి,
మూడు గజాల దుప్పటి సుత
ఒకటే.
ఇగ జూడు,
గలేబుల బండి లోపటికొస్తె
గంప ఎత్తితే కోళ్లు ఉరికినట్టు.
రాయచోటి మస్తాన్ వలీ ముందురోజు రాత్రే
రెండు కట్టలు బల్ల కింద దాచుకునేటోడు.
రఫికుల్ నిద్రల సుత లెక్కబెట్టేటోడు,
పైమంచం మీదికెళ్లి, బెంగాలీల.
దుప్పట్లు మాత్రం మూలకు గుట్టబడి
తడివాసన కొట్టుకుంట ఉండె.
ఎవలు పడతరు రెండో కొస?
పట్టినోని పేరు బోర్డుకు ఎక్కదు.

ఒకనాడు దిల్ బహదూర్ దుప్పటెత్తి
నా దిక్కు చూపించిండు.
నేను చూడనట్టే
గలేబు మూల గుంజుతున్న. నూటా పద్దెనిమిది.
ఆయన అంచును గదువ కింద అదిమిపట్టి
ఒక్కడే మడతపెట్టిండు.
మూలలు కలవలే.
నూటా పంతొమ్మిది.

ఆ నెల ఫోటో నాదే.
నవ్వమంటే నవ్విన.
ఆ రాత్రి రూముల చాయ్ పోసినప్పుడు
నా గిలాస మర్చిపోయిండ్రు.
మర్చిపోయిండ్రనే అనుకున్న.

సార్ తెలివిగల్లోడే, గుట్ట చూసి రేటు మార్చిండు:
దుప్పటికి మూడు.
తెల్లారెసరికి గుట్ట మాయం.
దాంతోని మరకలు సుత మాయం,
మడతల లోపటికి.
లిప్‌స్టిక్కు, కూర పసుపు, ఎవరిదో ముక్కునెత్తురు,
అన్నీ తెల్లగ, చదరంగ, మూడు మూడు.
సముద్రం ఒడ్డు హోటలాయన
రెండు బండ్లు వాపస్ కొట్టిండు.
బోర్డు దించిండ్రు.
గోడకు నాలుగు మేకుల బొక్కలు మిగిలినయి.

ఇంతటితోని అయిపోతే బాగుండు.
వారం లెక్క చూసి సార్ నెత్తి గోక్కున్నడు.
బోర్డు రాకముందటికంటె తక్కువ!
ఆయనకు సమజ్ కాలే.
నాకు సుత సమజ్ కాలే చాన దినాలు.
అప్పట్ల ఆ పని ఎంతకని ఎవలం అడగలే.
ఇప్పుడు దాని ధర తెలిసింది,
ఇచ్చేటోడు లేడు.
చేతులు అదే సంగతి అడుగుతున్నయి,
దుప్పటి పట్టినప్పుడల్లా.

మొన్న సెలవునాడు క్యాంపు మిద్దె మీద
నా సొంత దుప్పటి ఆరేసిన,
మస్కట్‌ల కొన్నది, నీలిగళ్లది.
దుమ్ముగాలి లేస్తుంటే తీద్దామని పోతే
తన పైజామా కోసం వచ్చిండు దిల్ బహదూర్.
పిలవలేదు.
వచ్చి ఆ కొస పట్టుకున్నడు.
దులిపినం. ఇసుక రాలింది.
గుంజినం. ఎదురెదురు నడిచినం.
వేళ్లకు వేళ్లు తగిలినయి.

నా నోట్లకెళ్లి జారిపడ్డది,
ఆపుదామంటే ఆగలే:
"ఒకటి."

ఆయన పెదవులు సుత కదిలినయి.
"ఏక్" అన్నడు.
ఆ ముక్క నాకు తెలుసు.