చైనా గొరక

జగన్నాథపురం వంతెన దిగాక ఎడంపక్క,
ఐసు నీళ్ళు కారే మూడో గోనెపట్టా నాది.
తాళ్ళరేవు నించి మొదటి ఆటోలో వస్తాను.

ఆ పిల్ల ఆదివారాలు వస్తుంది.
జడలెన్నో లెక్కపెట్టలేదు గానీ
ఒక్కోటీ వల అల్లినంత ఓపిగ్గా ఉంటుంది.
పండుగప్పని చూడదు, రొయ్యనడగదు.
పిల్లులకని నేను పక్కన పడేసిన కుప్ప ముందు
గొంతుక్కూచుని నవ్వుతుంది.

"చైనా గొరకలమ్మా, ఒట్టి ముళ్ళు" అన్నాను.
వేలు అడ్డంగా ఊపింది.
రెండేళ్ళలో ఏరుకున్న తెలుగు ముక్కలతో చెప్పింది:
చైనా కాదట. వాళ్ళ చెరువులోదట.
అవతలొడ్డు కనపడని చెరువట,
దాన్నిండా కూడా మన గుర్రపుడెక్కేనట.
అక్కడ దీని పేరు ఙేగే.

ఙ!
మూడో తరగతిలో పలక మీద దిద్దించి
"దీంతో మొదలయ్యే మాట లేదే, రాసి వదిలెయ్" అంది పంతులమ్మ.
నలభయ్యేళ్ళు ఊరికే కూచున్న అక్షరానికి
ఇదిగో, ఒక చేప.

పేరు అకిన్యి. పొద్దున పుడితే పెడతారట.
ఆటోవాళ్ళకి మాత్రం నైజీరియా.
మొదట్లో "కెన్యా, కెన్యా" అనేది.
ఇప్పుడు మాటాడకుండా ఎక్కి కూచుంటుంది.
ఫోన్లో ఇల్లుందన్నవాళ్ళు
తను మెట్లెక్కేసరికి
చుట్టాలొస్తున్నారని తలుపేసుకున్నారట.
నవ్వుతూనే చెప్పింది. నేను పొలుసు తీస్తున్నాను,
తలెత్తలేదు.
మా పెంకుటింటి వెనక గది ఖాళీ. ఉందని నేనూ అనలేదు.

మా మామ్మ రంగం రేవులో బియ్యం బస్తాలు మోసింది.
పుట్టింది ఓడలరేవులో. అక్కడ మాత్రం కొరంగీ.
కొరంగి ఎటుందో కూడా ఎరగనంటే
వినేవాడెవడు?
బాంబులు పడ్డాక అడవులంట నడిచొచ్చింది,
కడుపులో మా నాన్న.
ఇక్కడికొచ్చాక పోయేదాకా రంగమామె.
రేషను కార్డులో రంగమ్మ అనే రాసేశారు.
అసలు పేరు మాణిక్యం.
పాడె కట్టేటప్పుడు ఎవరో అడిగితే
నాన్న కాసేపు ఆలోచించి చెప్పాడు.

అకిన్యి తల కొట్టొద్దంటుంది, తోక కొట్టొద్దంటుంది.
పక్కలకి మూడేసి గాట్లు, అంతే.
కళ్ళతో, నోటితో, రెక్కలతో
నిండు చేపని సంచిలో పెట్టుకుని
ఉప్పుటేరు వైపు ఒకసారి చూసి పోతుంది.

ఇవాళ రామచంద్రపురం ఆసామి ఒకాయన
గొరకని వేలితో నొక్కి "ఇదేం చేపే?" అన్నాడు.
ఙ కోసం నాలుకని వెనక్కి లాగాను.
"గేగే" అని వచ్చింది.
"ఏంటీ?"
"చైనా గొరకండి. కిలో నూట ఇరవై."
ఆయ్, అమ్ముకోవాలి కదండీ.

గది ఇంకా ఖాళీగానే ఉంది.
ఆదివారానికి మూడు రోజులుంది.