హాజరు

ఆత్మకూరు తాలూకాఫీసు రికార్డు గదిలో
చెదలకు మిగిలిన రిజిస్టర్లు స్కాన్ చేయడం నా పని.
పేజీకి రూపాయి పావలా.
మూడో బీరువాలో, నడుం విరిగిన పుస్తకంలో
మా జేజినాయన తగిలినాడు.

కావడి సుంకులప్ప. వయసు సుమారు ముప్పై.
ఎడమ కనుబొమ్మ మీద గాటు.
పక్కన ఊదా సిరాలో బొటనవేలు,
ఎండాకాలం రేగడి మాదిరి నెర్రెలిచ్చి.
కింద దొర దస్తూరీ, దాని కింద గుమాస్తా తెలుగు:
"నాగరికుడవుతున్నాడు."

అవుతున్నాడంట!
సంగటి ఉడుకుతున్నట్టు,
పుండు మానుతున్నట్టు.

అంతకు ముందు మావాళ్లేమిటో ఆ పుస్తకంలో లేదు.
ఓబుళమ్మ జేజి నోట్లో ఉండేది:
సుంకులప్ప తాతకు పన్నెండు గాడిదలు,
కోస్తా నుంచి ఉప్పు మూటలు,
నల్లమల కనుమల్లో మెడగంటలు,
ఉప్పుకు కొర్రలు, సోలకు సోల.
కాటా లేదు, కాగితం లేదు,
మళ్లా ఏడు వస్తామంటే వచ్చేవాళ్లు.

రైలొచ్చింది.
ఉప్పు దానంతటదే ఊర్లోకొచ్చి దిగింది.
గాడిదలు నిలబడిపోయినాయి.
నిలబడిన గాడిద పక్కన నిలబడిన మనిషిని
దొంగ అనడానికి ఒక్క చట్టం చాలింది,
కడుపులో బిడ్డతో సహా.

ఆ తర్వాత సెటిల్‌మెంటు, ముళ్లకంచె.
నాగలి పట్టిస్తే నాగరికుడవుతాడని
ఏ దుబాసీ చెప్పినాడో దొరకు!
రాత్రి పదకొండుకు గంట. మూడుకు గంట.
లేచి, వరసలో నిలబడి, "హాజర్ దొరా" అనాల.
మా నాయన ఆ రెండు గంటల నడుమ పుట్టినాడు.
మూడో గంటకు బిడ్డ కేరుమంటే
కావలివాడు నవ్వి
ఇంకో గీత గీసుకున్నాడంట.
జేజి కూడా నవ్వుతానే చెప్పేది.

చిన్నప్పుడు పాఠంలో మాటకు అర్థం కావాలని అడిగినాను,
నాగరికం అంటే ఏంది జేజీ?
ఈతాకు చీలుస్తా, తల ఎత్తకుండా అనింది:
"నిద్దట్లో పేరు పిలిచినా పలకడం."

చట్టం పోయింది, కంచె ఎవరో పీక్కోని పోయి
చేనుకు వేసుకున్నారు.
చివరి ఏడు, మతి తప్పినాక,
తెల్లవారుజాము మూడుకు లేచి కూర్చునేది జేజి.
మేము పడుకోబెట్టే లోపల
చీకట్లోకి ఆ మాట అనేసేది.

సాయంత్రం గోడ మీది యంత్రానికి వేలు చూపించి పోవాల.
పాత సిరా పొడి అంటుకోని
అది నన్ను ఎరగనంది. రెండుసార్లు.
కొంగుకు తుడుచుకోని మళ్లా పెట్టినాను.
పచ్చలైటు వెలిగింది.
వెనకాల వరసలో ఎవరో
"కానీ అక్కా, బస్సు పోతాది" అన్నారు.